రెండు మంచాల గది

బ్రిజిదక్క పుట్టింది మా హోటల్లోనే. కింది అంతస్తులో, సముద్రం వైపు గదిలో. అప్పటికది హోటల్ కాదు. పై అంతస్తులో ఉప్పు మళ్ళ ఆసామి కాపురం, కింద ఆయన బగ్గీలు పెట్టుకున్న కొట్లలో మాలాంటివాళ్ళ కాపురాలు. బ్రిజిదక్క వాళ్ళ నాన్న చేపలు ఊరవేసే పీపాలు బిగించేవాడు. అమ్మ, నాన్న, నాయనమ్మ, అప్పటికింకా పెళ్ళికాని మేనత్త, బ్రిజిదక్క, ఆమెకి ఎనిమిదేళ్ళప్పుడు పుట్టిన తమ్ముడు నార్దో, అందరికీ అదొక్కటే గది. వాడికి నడక రాకముందే తల్లి జబ్బుతో మూలపడింది. తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగింది, అన్నం తినిపించింది, బడికి తోలింది, బరికెతో కాకపోయినా చెప్పుతో కొట్టింది, అన్నీ ఈమే.

ఇప్పుడా గదిని చూస్తే మీరు నమ్మరు. మిలాన్ నుంచి ఒక ఇంజినీరు వచ్చి మేడంతా కొని, ఏడు గదులుగా మార్చి, ఒక్కోదానికి ఒక్కో గాలి పేరు పెట్టాడు. వీళ్ళ గది పేరు లిబెచ్చో, నైరుతి గాలి. మేం ఏటేటా సున్నం కొట్టి కప్పెట్టుకున్న రాళ్ళని గీకి గీకి బయటపెట్టారు. అదే అందమట. నాయనమ్మ మంచం ఉన్న చోట, గది నట్టనడుమ, స్నానాల తొట్టి. చుట్టూ తెర కూడా లేదు. రోజూ సాయంత్రం అంజూరపండు వాసనేసే కొవ్వొత్తి వెలిగించాలి. హోటల్ తెరిచిన రోజు ఇరుగుపొరుగు వాళ్ళందరినీ పిలిచి తీపి వైన్ పోశారు. అందరం ఎగబడి వెళ్ళాం, బ్రిజిదక్క తప్ప. పుట్టినప్పటినుంచీ చూసిన గదిని మళ్ళీ చూడ్డానికి మంచి చెప్పులు వేసుకోవాలా అంది.

నాకు మాత్రం అందులోనే పని దొరికింది. పొద్దున్న ఫలహారాలు పెట్టడం, తర్వాత గదులు సర్దడం, మూడింటికి ఇల్లు చేరడం.

బ్రిజిదక్క బతుకంతా చేతులతోనే నడిచింది. పన్నెండో ఏట చేపల డబ్బాల కార్ఖానాలో చేరింది. ఉప్పులో నాని నాని వేళ్ళ మీద గీతలు చెరిగిపోయాయి. వలలు బాగుచేసే మొమ్మోని చేసుకుంది. మొమ్మో మాట తక్కువ మనిషి, ఈమెకి సరిపోయాడు. పిల్లలు కలగలేదు. కార్ఖానా మూతబడ్డాక పెళ్ళిళ్ళకీ బారసాలలకీ కుస్కుసు చేసిపెట్టేది. మా ఊరు త్రాపనిలో ఆ వంట చెయ్యని ఆడది లేదు గానీ, ఆమె చేతిది తిన్న నోటితో ఇంకొకరిది మెచ్చుకున్నవాళ్ళని నేను చూడలేదు. వెడల్పాటి మట్టి పళ్ళెంలో గోధుమరవ్వ పోసి, ఉప్పునీళ్ళు చిలకరించి, వేళ్ళ కొసలతో గుండ్రంగా తిప్పుతూ కూర్చునేది. రెండు గంటలకి రవ్వంతా ఆవగింజలంత పూసలు కట్టేది. దాన్ని ఆవిరి మీద ఉడికించి, చేపల పులుసు పోసి, గిన్నెకి ఉన్ని దుప్పటి చుట్టి పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పక్కన పెట్టేది. గంటసేపు దాని దగ్గర గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు.

నార్దో పంతొమ్మిదో ఏట జర్మనీ వెళ్ళాడు. నలభై దగ్గరపడ్డాక అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. అప్పటినుంచీ ప్రతి ఆగస్టులోనూ పెళ్ళాన్ని వెంటేసుకుని వచ్చి మూడు వారాలు ఉండేవాడు. మా బ్రిజిదక్కకి అప్పటికే హోటల్ వెనక సందులో ఇప్పుడుంటున్న రెండు గదులు. ఉన్నది ఒక్క పెద్ద మంచం. అది తమ్ముడికీ మరదలికీ ఇచ్చి, తను, మొమ్మో వంటగదిలో నేల మీద పడుకునేవాళ్ళు. పొద్దున్నే మొమ్మో నడుం పట్టుకుని గోడ ఆసరాతో లేచేవాడు, పాపం ఒక్క మాట అనేవాడు కాదు. ఈమె మాత్రం వీధిలో అందరికీ వినపడేలా, తమ్ముడికి నిద్ర బాగా పట్టిందో లేదో అడిగేది. అలా ఇరవై ఆగస్టులు జరిగింది. అదే ఆమె గొప్ప. మెళ్ళో గొలుసు లేకపోయినా తమ్ముడికి మంచం ఉంది ఆమె ఇంట్లో.

తర్వాత మరదలికి జబ్బు చేసింది. పన్నెండేళ్ళు నార్దో ఇటు రాలేదు. ఆ మధ్యలో ఇక్కడ మొమ్మో పోయాడు, అక్కడ మరదలూ పోయింది. మిగిలింది అక్కా తమ్ముడూ, ఆదివారం ఆదివారం ఫోనూ.

ఆ పన్నెండో ఏడు సెప్టెంబరులో ఒక ఆదివారం నార్దో చెప్పాడట. "మంగళవారం వస్తున్నానక్కా. పక్క వెయ్యొద్దు. హోటల్లో గది తీసుకున్నా."

ఈమె "సరే" అని పెట్టేసింది.

ఆ సరే వింటే జర్మనీలో ఏమనుకుంటారో నాకు తెలీదు గానీ మా సందులో ఎవరైనా చెప్తారు, అది తలుపు గడియ పెట్టిన చప్పుడని. సొంతూళ్ళో తోడబుట్టింది బతికుండగా వెళ్ళి హోటల్లో పడుకున్నాడంటే ఏమిటి అర్థం? ఇల్లు పనికిరాలేదనో, ఇంట్లో మనిషి పనికిరాలేదనో. రొట్టెల కొట్టు దగ్గర ఆడవాళ్ళు అప్పుడే మొదలుపెట్టారు. జర్మనీ నడుముకి మన పరుపులు పడవు లెమ్మని ఒకావిడ అంది. బ్రిజిదక్క రొట్టె తీసుకుని, చిల్లర కూడా అడక్కుండా వెళ్ళిపోయింది.

అయినా మంగళవారం పొద్దున్నే పెద్ద మంచం మీద మంచి దుప్పటి పరిచింది. నేను కళ్ళారా చూశాను. కుస్కుసు చేసి దుప్పటి చుట్టింది. వాడు పెట్టె పట్టుకుని సందు మలుపు తిరుగుతాడనీ, హోటల్ మాట ఉత్తిదని నవ్వుతాడనీ ఆమె నమ్మకం. చీకటి పడ్డాక ఆ కుస్కుసు మా ఇంటికీ పక్కింటికీ పంచింది.

బుధవారం ఫలహారాల దగ్గర చూశాను నార్దోని. డెబ్బై ఒకటి నిండిన మనిషి, తెల్ల చొక్కా, చేతికర్ర. నన్ను చూసి, నువ్వు పినావి, చెప్పులు కుట్టే చిచ్చో కూతురివి కదూ అన్నాడు. మా నాన్న పోయి ముప్పై ఏళ్ళు. ఆ పేరు విని నేను కాఫీ సాసరులో పోశాను. గది సర్దడానికి వెళ్తే అక్కడే కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. గదిలో ఒక పెద్ద మంచం ఉండాలి, దాన్ని విడదీయించి రెండు మంచాలు వేయించాడు. ఇంకెవరొస్తున్నారని అడిగాను.

"అక్క" అన్నాడు.

అప్పుడు చెప్పాడు నాకు అసలు సంగతి. ఇరవై ఆగస్టులు తను మెత్తటి పక్క మీద పడుకుని, పలచటి గోడ అవతల మొమ్మో దగ్గు వింటూ ఉన్నాడట. లేచి వెళ్ళి మీరు మంచమెక్కండని ఒక్కసారైనా అనలేకపోయాడు, అంటే అక్క చంపేసేది. ఇప్పుడు పాత గది హోటలయిందని మేనత్త మనవరాలు ఫోటో పంపితే చూసి, నాలుగు రాత్రులకి తీసుకున్నాడు. అక్కని ఇక్కడ పడుకోబెట్టాలి. ఎవరో పక్క వెయ్యాలి, ఎవరో కాఫీ తెచ్చివ్వాలి, ఆమె కాలు కదపకూడదు. పుట్టిన గదిలో ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ నిద్రపోవాలి.

"మరి ఫోన్‌లోనే చెప్పొచ్చుగా అన్నా?"

"చెప్తే వస్తుందా అది? నేనొచ్చానంటే చూడ్డానికి రాకుండా ఉండలేదు. గుమ్మం దాటి లోపలికొస్తే ఇక వెళ్ళనివ్వను. నువ్వు నోరు జారావో, మీ నాన్న మీద ఒట్టు."

నాకు ఒక మాట చెప్పడమంటే చర్చి గంట మోగించడమే అని మా సందులో నా మొహం మీదే అంటారు. ఆ ఒక్కసారే నోరు మూసుకున్నాను. పైగా ఆయననేదీ సబబే. మా దగ్గర దూరదేశం నుంచి ఎవరొచ్చినా, వచ్చినవాళ్ళు కూర్చుంటారు, ఊళ్ళో ఉన్నవాళ్ళే పోయి పలకరిస్తారు. ఆయన ఆ పద్ధతి ప్రకారం కూర్చున్నాడు. చిక్కేమిటంటే చిన్నవాడు ముందుగా పెద్దదాని గుమ్మం తొక్కాలన్నదీ మా పద్ధతే. ఈమె ఆ ప్రకారం కూర్చుంది. మధ్యలో మూడు నిమిషాల నడక.

గురువారం రోజంతా నేను ఇటూ అటూ తిరిగాను. బ్రిజిదక్క గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నావైపు చూడకుండానే, పొద్దున్న ఏం తింటున్నాడే అంది. రెండు గుడ్లు, కాల్చిన రొట్టె అన్నాను.

"గుడ్లా? మనింట్లో లేవు కాబోలు గుడ్లు."

"ఓసారి వెళ్ళి చూసి రాకూడదా అక్కా? నీ తమ్ముడే కదా."

"వాడికి నడక నేర్పింది నేను. ఈ గుమ్మం దాకా రావడం కూడా మళ్ళీ నేర్పాలా?"

అక్కణ్ణుంచి హోటల్‌కి వెళ్ళి నార్దోని బతిమాలాను. నువ్వే ఓ అడుగు వెయ్యన్నా, పెద్దది అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఆ ఇంట్లో కాలు పెడితే తన పని అయిపోయినట్టే, పెట్టె లాక్కుని తనని మంచమెక్కించి ఆమె రెండు కుర్చీలు దగ్గరికేసుకుని పడుకుంటుంది, డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, అన్నాడు. ఆ మాట నిజం. కుర్చీలు నేను కూడా చూశాను, మంగళవారమే గోడకి ఆనించి సిద్ధంగా పెట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం బ్రిజిదక్క నన్ను కేకేసింది. బల్ల మీద వాళ్ళమ్మ నాటి నీలం మూతగిన్నె, దానికి చుట్టిన దుప్పటి. తీసుకెళ్ళి వాడికివ్వు, చల్లారిపోతే రాయిలా ఉంటుంది అని మాత్రం అంది. నా గుండె తేలికైపోయింది. మా వైపు గిన్నె పంపడమంటే మనిషిని పిలవడమే. తిన్నవాడు ఆ గిన్నెని తన చేత్తో తిరిగి పట్టుకురావాలి, అందులో ఏదో ఒకటి పెట్టి తేవాలి. గుప్పెడు బాదంపప్పులైనా సరే. ఖాళీ గిన్నె ఇచ్చారంటే ఇక మీతో మాకు పని లేదన్నట్టే. శత్రువులు కూడా అడుగున రెండు నిమ్మకాయలు వేసి ఇస్తారు.

నార్దో హోటల్ పెరట్లో, ఇనుప కుర్చీలో కూర్చుని గిన్నె మూత తీశాడు. వాసన చూసి చెంచా అందుకున్నాడు. అంతా తిన్నాడు, అడుగు రొట్టెతో తుడిచి మరీ.

"అక్కే గెలిచింది, పినా. నేనే వెళ్ళాలిక. సాయంత్రం బాదం మిఠాయిలు కొని ఈ గిన్నెలో వేసుకుని వెళ్తా. కాళ్ళు పట్టుకుని అయినా ఇక్కడికి తీసుకొస్తా."

కాస్త నడుం వాల్చి లేస్తానని గదిలోకి వెళ్ళాడు. నేను గిన్నెని హోటల్ వంటింటి తొట్లో నానబెట్టాను. మూడయింది. నడుముకి కట్టుకున్న ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి ఇంటికి వెళ్ళిపోయాను. ఆ గిన్నె ఎవరూ ముట్టుకోవద్దని ఒక్క మాట, ఒకే ఒక్క మాట, ఎవరికైనా చెప్పి ఉంటే. ఊళ్ళో అక్కర్లేని వాటి గురించి అన్ని మాటలు చెప్పే దాన్ని.

మా హోటల్‌లో అన్నీ చూసుకునే పిల్ల జాదా. వెరోనా నుంచి వచ్చింది, మంచి పిల్ల, అతిథికి ఏం కావాలో అడక్కముందే చేసేస్తుంది. దాని గొప్పతనమే అది. తొట్లో గిన్నె చూసింది, ఎవరిదో కనుక్కుంది. తళతళలాడేలా కడిగించింది. హోటల్ పేరున్న బూడిదరంగు కాగితం సంచిలో పెట్టి, రిబ్బన్ కట్టి, 'ధన్యవాదాలతో' అని కార్డు రాసి, సామాను మోసే అతనితో బ్రిజిదక్క ఇంటికి పంపించేసింది. అప్పటికి నార్దో మిఠాయి కొట్టులో నిలబడి అక్కకిష్టమైనవి ఏరుకుంటున్నాడు.

బ్రిజిదక్క రిబ్బన్ విప్పింది. మూత తీసింది. సందులో నలుగురూ చూస్తూనే ఉన్నారు. లోపలికి వెళ్ళి కిటికీ రెక్కలు మూసుకుంది.

నార్దో తిరిగొచ్చి గిన్నె ఏదని అడిగితే జాదా సంతోషంగా చెప్పింది, పంపించేశామండీ అని. ఆయన మొహం చూసి తనేదో తప్పు చేసిందని తెలిసిందిగానీ ఏమిటో తెలియలేదని తర్వాత నా దగ్గర ఏడ్చింది. ఆయన మిఠాయి పెట్టె చంకన పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ సందులోకి వచ్చాడు. ఎండ ఇంకా ఉంది. తలుపు కొట్టాడు. "అక్కా" అన్నాడు. కాసేపాగి మళ్ళీ కొట్టాడు. మా కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. లేచి వెళ్ళి, అక్కా తియ్యవే, అది హోటల్ వాళ్ళ పని అని అరవొచ్చు కదా. ఎవరి మధ్యకో వెళ్ళకూడదని అప్పుడే నాకు బుద్ధి పుట్టాలా? ఆయన మిఠాయి పెట్టెని గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున్న టాక్సీ వచ్చింది. వెళ్ళేముందు నన్ను పిలిచి, ఒట్టు అలాగే ఉంది సుమా అన్నాడు. వచ్చే సెప్టెంబరుకి ఇదే గది జాదా చేత రాయించాడట. ఈసారి ముందు నీ ఇంటికే వచ్చి నిన్ను పిలుచుకెళ్తానని అక్కకి చెప్పొచ్చుగా, ఫోన్ చెయ్యన్నా అని నేనంటే, కోపం చల్లారనీ అన్నాడు. తర్వాత నేను గది సర్దాను. రెండో మంచం మీద ఎవరూ పడుకోలేదు, దిండు నలగలేదు. కానీ దుప్పటి ఒక పక్కకి మడిచి తీసిపెట్టి ఉంది, మనిషి వస్తే లోపలికి జరిగి పడుకోడానికి వీలుగా. నాలుగు రోజులూ అలాగే ఉండేది. నేను పొద్దున్న సర్దితే సాయంత్రానికి ఆయన మళ్ళీ మడిచి పెట్టేవాడు.

గిన్నె పంపింది తమ్ముడు కాదని మాత్రం బ్రిజిదక్కకి ఆ శనివారమే చెప్పాను. హోటల్ ఎంచుకున్నదెవరు మరి అంది. ఆదివారం ఫోన్ మోగితే తీసేది కాదు. క్రిస్మస్‌కి తీసింది, బాగున్నావా అంటే బాగున్నా అనుకున్నారట, అంతే.

ఫిబ్రవరిలో జర్మనీ నుంచి ఆయన పక్కింటివాడు, మా దేశంలోనే కలాబ్రియా వైపు మనిషి, ఫోన్ చేశాడు. నార్దో కూరగాయల కొట్టుకి వెళ్ళి వస్తూ మెట్ల మీద కూలబడ్డాడట. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

మా ఆచారం ప్రకారం కాఫీ పొడీ పంచదారా పట్టుకుని బ్రిజిదక్క ఇంటికి వెళ్ళాను. వచ్చినవాళ్ళంతా వెళ్ళేదాకా ఆగాను. అప్పుడిక ఒట్టెవరి కోసం? చెప్పేశాను. రెండు మంచాల సంగతి, ఇరవై ఆగస్టుల సంగతి, మిఠాయిలు ఎందుకు కొన్నాడో, మడిచిన దుప్పటి, అన్నీ. ఆమె నా మొహం చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది. అయ్యాక అడిగింది.

"కిటికీ వైపు మంచం ఎవరిది?"

"తనది. లోపలి గోడ వైపుది నీకు."

"వాడికి చిన్నప్పట్నుంచీ గాలి కావాలి" అంది. తర్వాత, "నేను తలుపు వెనకాలే ఉన్నానే ఆ రోజు. గడియ మీద చెయ్యి కూడా వేశాను. మూడోసారి కొడితే తీద్దామనుకున్నా."

ఏడ్చింది నేనే, ఆమె కాదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఊరందరి గుట్టూ చెప్పేదానివి నా గుట్టు దగ్గరే దాచావా అని ఒక్క మాట అని ఉంటే ఈపాటికి నా మనసు కుదుటపడేది.

జాదాకి ఇదంతా నేనే చెప్పాను. ఆ పిల్ల రాత్రంతా నిద్రపోలేదట. మర్నాడు తనే వచ్చింది బ్రిజిదక్క ఇంటికి. చేతిలో రిబ్బన్లు గట్రా ఏమీ లేవు. నార్దో రాయించుకున్న ఆ నాలుగు రోజులూ సెప్టెంబరులో ఆ గది ఎవరికీ ఇవ్వను, మీరొచ్చి ఉండండి నోన్నా, అని అమ్మమ్మని పిలిచినట్టు పిలిచింది. బ్రిజిదక్క కుర్చీ చూపించింది, కాఫీ పెట్టి ఇచ్చింది. దాని మీద కోపం ఉన్నట్టు ఎక్కడా కనపడలేదు.

"వాడు పిలిచినప్పుడు వెళ్ళలేదమ్మా. ఇప్పుడెవరు పిలిచారని వెళ్ళను?" అంది.

సెప్టెంబరు వచ్చింది. జాదా మాట నిలబెట్టుకుంది, ఆ నాలుగు రోజులు లిబెచ్చో గది ఖాళీగానే ఉంచింది. మిలాన్ ఇంజినీరుకి ఏం చెప్పుకుందో ఏమో. నేను వెళ్ళి రెండు మంచాలూ వేశాను, దుప్పటి మడిచాను. రోజూ మూడింటికి పని దిగి వెళ్తూ బ్రిజిదక్క గుమ్మం దగ్గర ఆగేదాన్ని. ఆమె ఒలిచిన బఠాణీలు గుప్పెడు నా చేతిలో పోసేది. అయిదోరోజు పొద్దున్న బొలోన్యా నుంచి కొత్తగా పెళ్ళయిన జంట వస్తున్నారని చెప్పారు. మంచాలు రెండూ కలిపి ఒకటి చెయ్యమన్నారు. చేశాను.